డాన్స్ గేమ్‌తో నా చివరి మూడేళ్లు

పోయిన నెల కమ్మర్‌పల్లి వైపు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. కొత్తగా పీఈటీ ఉద్యోగం వచ్చిందట. నా నంబరు ఎవరో ఇచ్చారట.

"మేడం, మా స్కూల్‌కు ఎవరో డాన్స్ గేమ్ ఇచ్చిన్రు. టీవీ ముంగట పిల్లలు ఎగరాలె. మీరు గసొంటిది నడిపించిన్రంట గద, ఎట్ల నడిపియ్యాలె?" అని అడిగింది.

చెప్పడం మొదలుపెట్టాను. అయిదు నిమిషాలు గడిచేసరికి నా గొంతు నాకే కొట్లాడుతున్నట్టు వినిపించింది. పాపం ఆ పిల్ల, "మల్ల చేస్త మేడం" అని పెట్టేసింది. మళ్లీ చేయలేదు. అందుకే రాస్తున్నాను. ఆమె చదవకపోయినా, ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు ఇంకెవరైనా చదువుకుంటారు. రాసినదాంట్లో కోపం అక్కడక్కడ కనిపిస్తుంది. తీసేద్దామని ఒకసారి చూశాను. తీస్తే చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

అసలు పని

నా పేరు సరోజ. నిజామాబాద్ జిల్లాలో ముప్పై ఒక్క ఏళ్లు పీఈటీగా పనిచేశాను. పీఈటీ అంటే వ్యాయామం నేర్పే టీచర్ అనుకుంటారు. నిజానికి బడిలో ఎవరూ చేయని పనులన్నీ చేసే మనిషి అని అర్థం. ప్రేయర్ మనమే నిలబెట్టాలి. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని మనమే ఆపాలి. మధ్యాహ్నం భోజనాల దగ్గర వరసలు మనమే సరిచేయాలి. జెండా పండుగకు గద్దెకు ఎర్రటి జాజు రంగు పూయించాలి. ఎవరైనా టీచర్ సెలవు పెడితే ఆ క్లాసులో కూర్చోవాలి. ఇన్ని చేశాక ఆటల పీరియడ్ వస్తుంది. అప్పుడు లెక్కల సారో సైన్స్ మేడమో తలుపు దగ్గర నిలబడి, "సిలబస్ కాలేదు, ఈ ఒక్క పీరియడ్ ఇయ్యున్రి" అంటారు. వాళ్ల సిలబస్ నా సర్వీసులో ఎప్పుడూ కాలేదు.

నేను ఖోఖో మనిషిని. నాకు గెలవడమంటే ఇష్టం. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే నేను చేసిన పెద్ద తప్పు అక్కడి నుంచే పుట్టింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మొదట్లో జక్రాన్‌పల్లిలో పనిచేసినప్పుడు నేను చాలా మెత్తగా ఉండేదాన్ని. ఆడపిల్లలు "కడుపు నొస్తుంది మేడం" అంటే కూర్చోమనేదాన్ని. ఒకరిని చూసి ఒకరు, నెల తిరిగేసరికి సగం క్లాసు నీడలో కూర్చుని ముచ్చట్లు పెట్టేది. అప్పటి హెడ్మాస్టర్ అందరి ముందు నన్ను నిలదీశారు. "నిన్ను ఆడిపియ్యనీకి పెట్టుకున్నమా, కూసుండబెట్టనీకి పెట్టుకున్నమా?" అన్నారు. ఆ మాట నాలో మేకులా దిగింది. ఆ రోజు నుంచి ఏ సాకూ వినడం మానేశాను. జ్వరం అంటే చెయ్యి పట్టుకుని చూసేదాన్ని, కడుపునొప్పి అంటే అసలు వినేదాన్ని కాదు. ఇరవై ఏళ్లకు పైగా దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

పెట్టె వచ్చింది

నా చివరి పోస్టింగ్ రుద్రూర్‌కు దగ్గరలో ఒక ఊళ్లో. బడి ముందు రోడ్డు, రోడ్డు అవతల చెరుకు తోటలు. గ్రౌండ్ ఉండేది కానీ, అందులో సగం కొత్త గదులకు పోయింది. మిగిలిన సగం రోడ్డును ఆనుకుని ఉంది. ప్రహరీ గోడ మోకాలెత్తు. రోడ్డు మీది మోరీ, అంటే చిన్న కల్వర్టు, గట్టున ఎప్పుడూ నలుగురైదుగురు పోరగాళ్లు కూర్చుని ఉండేవాళ్లు. తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు పరుగెత్తితే వాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. నేను ఎన్నిసార్లు తరిమినా మళ్లీ వచ్చేవాళ్లు.

ఆ ఊరి నుంచి గల్ఫ్ పోయినవాళ్లు కొందరు కలిసి బడికి ఏదైనా ఇద్దామనుకున్నారు. గోడ కట్టించమని నేను అడిగాను. గోడ ఫొటోలో ఏం బాగుంటుంది? ఒక పెద్ద టీవీ, దానికి తగిలించే గేమ్ పెట్టె, నేల మీద పరిచే రెండు మ్యాట్లు వచ్చాయి. మ్యాట్ మీద నాలుగు దిక్కులా బాణం గుర్తులుంటాయి. పాట మొదలవగానే టీవీలో బాణాలు కింది నుంచి పైకి వస్తాయి. ఏ బాణం పైకి చేరితే ఆ బాణం మీద కాలు వేయాలి. సరిగ్గా వేస్తే మెచ్చుకుంటుంది, తప్పితే తప్పిందని చూపిస్తుంది. మూలన మార్కులు పెరుగుతూ ఉంటాయి.

మా హెడ్మాస్టర్ రాజేశ్వర్ సారు చెడ్డవారు కాదు. వస్తువులంటే ప్రేమ ఎక్కువ, అంతే. కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు దిగి, ఆ సాయంత్రమే మొత్తం తన గదిలో పెట్టి తాళం వేశారు.

"సార్, పిల్లలకు ఇచ్చిన్రు గద, ఎప్పుడు ఆడిపియ్యాలె?" అని అడిగాను.

"ఖరాబైతది మేడం. మెల్లగ సూద్దాం."

ఆ మెల్లగా నాలుగు నెలలు పట్టింది. పై అధికారి ఒకాయన చూడడానికి వస్తున్నారని తెలిశాక తాళం తీశారు. మూడు రోజులు ఇద్దరు పిల్లలకు ఒకే పాట ప్రాక్టీసు చేయించమన్నారు. అధికారి వచ్చిన రోజు ఆ ఇద్దరూ ఎగిరారు. మిగతా నలభై ఆరు మంది గోడ వారగా కూర్చుని చూశారు. "వ్యాయామ విద్యలో ఎంత మార్పు!" అన్నారాయన. నాకు నవ్వాలో అరవాలో తెలియలేదు. నలభై ఆరు మంది కూర్చుని ఇద్దర్ని చూస్తే అది సినిమా హాలు. కొత్తగా వచ్చిన మీకు కూడా సరిగ్గా ఇదే చేయమని చెప్తారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అధికారి వెళ్లాక నేను పట్టుబట్టాను. పాత సైన్స్ గదిలోని విరిగిన బెంచీలు బయట వేయించి, టీవీని అక్కడ గోడకు బిగింపజేశాను. జెండా గద్దెకు పూయగా మిగిలిన జాజుతో, సున్నంతో నేలంతా గడులు గీశాను. ఒక్కో గడిలో నాలుగు బాణాలు. మొత్తం నలభై ఎనిమిది గడులు గీయడానికి రెండు ఆదివారాలు పట్టింది, నా నడుం పట్టేసింది. ఇద్దరు మ్యాట్ల మీద ఆడతారు, మిగతావాళ్లు టీవీ చూస్తూ తమ గడుల్లో అవే అడుగులు వేస్తారు. ప్రతి పాటకూ మ్యాట్ల మీది జోడీ మారుతుంది. దీనికి తెలివేమీ అక్కర్లేదు. నేల మీద గీయడానికి ఒకరు వంగాలి, అంతే.

తలుపు మూశాక

నిజం చెప్పాలంటే ఆ గేమ్ మీద నాకు గౌరవం లేదు. ఏవో విదేశీ పాటలు, ఒక్క ముక్క అర్థం కాదు. దానికి తోడు కరెంటు పోతే అంతా ఆగేది. నాకు మట్టిలో ఆడే ఆటే ఆట.

మొదటి రోజు తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని లోపలికి తీసుకెళ్లి, గోల బయటికి వెళ్లకూడదని తలుపు మూశాను. పాట మొదలైంది. ముందు నవ్వులు, ఒకరి కాలు ఒకరు తొక్కడం. రెండో పాటకు నలభై ఎనిమిది మంది కాళ్లు ఒక్కసారి నేల మీద పడిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నేను ఎన్నో ఏళ్లుగా వినలేదు.

నస్రీన్ అనే పిల్ల ఉండేది. ఎనిమిదో తరగతి నుంచి ప్రతి ఆటల పీరియడ్‌కూ కడుపునొప్పి చీటీ తెచ్చేది. నేను చించేసేదాన్ని. ఆమె గ్రౌండ్‌లోకి వచ్చి నిలబడేది కానీ కదిలేది కాదు. నేను అరిచేదాన్ని, ఆమె నేల చూసేది. ఏడాదికి పైగా ఇలాగే నడిచింది. ఆ రోజు ఆ నస్రీన్ ముందు వరసలో, చెమటలు కారుతూ, ఒక్క అడుగు తప్పకుండా ఎగురుతోంది.

పాట అయ్యాక దగ్గరికి పిలిచాను. "నీ కడుపునొప్పి ఏమైందే?"

"ఈడ ఎవరు చూస్తలేరు గద మేడం," అంది.

అంత చిన్న సంగతి ఏడాదికి పైగా నాకు తట్టలేదు. మోరీ గట్టు మీది పోరగాళ్లను తరిమింది నేనే. వాళ్ల చప్పట్లు విన్నది నేనే. అయినా ఈ పిల్ల ఎందుకు కదలడం లేదో నాకు అర్థం కాలేదు, అడగలేదు కూడా. కాబట్టి ఆ గేమ్ చేసిన మంచి ఏమిటని ఎవరైనా అడిగితే మొదట ఇదే చెప్తాను. దానికి ఒక గది కావాలి, గదికి తలుపు ఉంటుంది.

పట్టిక

ఇక నా తప్పు సంగతి.

రెండు నెలలు బాగా నడిచింది. వారానికోసారి ప్రతి పిల్లకూ మ్యాట్ వంతు వచ్చేది. మూలన మార్కులు కనిపిస్తుంటే నాలోని ఖోఖో మనిషి ఊరుకోలేదు. పెద్ద చార్టు మీద గీతలు కొట్టి, అందరి పేర్లూ రాసి, ప్రతి వారం ఎవరికెన్ని వచ్చాయో ఎక్కించడం మొదలుపెట్టాను. నాకు ఎవరూ చెప్పలేదు, ఆలోచన పూర్తిగా నాదే. రాజేశ్వర్ సారుకు ఎంత నచ్చిందంటే, చార్టును తెచ్చి నోటీసు బోర్డు పక్కన పెట్టించారు.

పై అయిదు పేర్ల కింద నేను ఎర్ర గీత గీసేదాన్ని. మొదటి రెండు వారాలు ఆ అయిదుగురిలో శిరీష ఉంది. సన్నటి పిల్ల, చురుకైన కాళ్లు. వాళ్లమ్మ గంగామణి బీడీలు చుడుతుంది. మూడో వారం నుంచి శిరీష మార్కులు తగ్గాయి. నాలుగో వారం ఇంకా తగ్గాయి. ఎనిమిదో వారానికి చివరి పేరు ఆమెదే. ప్రతి వారం ఆ అంకె నేనే నా చేత్తో రాశాను. రాసి, పిల్లల ముందు ఏమన్నానో కూడా గుర్తుంది.

"పేరొచ్చేసరికి బద్ధకమొచ్చిందా? కాళ్లు ఎత్తవేందే?"

తొమ్మిదో వారం శిరీష మ్యాట్ దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"మేడం, ఇయ్యాల నేను ఆడ."

"ఎందుకు?"

"చాతనైతలేదు."

"పోయిన వారం గూడ గిదే చెప్పినవ్. ఎక్కు."

పక్క గడిలోంచి నస్రీన్ అంది, "మేడం, ఆమెకు దమ్మొస్తుంది. మెట్లెక్కుతుంటే గూడ నడుమ ఆగుతుంది."

"నువ్వు ఆమె వకీలువా? నీ జాగల నువ్వు నిలబడు."

శిరీష ఎక్కింది. పాట సగం దాకా కాళ్లు ఈడ్చుకుంటూ వేసింది. తర్వాత పడిపోలేదు. మెల్లగా, ఎవరో కూర్చోమన్నట్టు, మ్యాట్ మీద కూర్చుంది. పెదవులు తెల్లగా ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ, పిలిస్తే పలకలేదు. పాట మాత్రం ఆగలేదు. టీవీలో బాణాలు వస్తూనే ఉన్నాయి, ఒక్కో బాణానికీ తప్పు, తప్పు అని చూపిస్తూనే ఉంది. ఎవరో పిల్ల ఏడుస్తూ వెళ్లి స్విచ్ తీసేసింది.

ఆసుపత్రిలో

ఆటోలో బోధన్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. శిరీష తల నా ఒళ్లో ఉంది. దారిలో నీళ్లు అడిగింది, తాగింది, మళ్లీ కళ్లు మూసుకుంది. అక్కడున్న లేడీ డాక్టర్ వయసులో నా కూతురంత ఉంటుంది. ఆమె చేసిన మొదటి పని, శిరీష కింది కనురెప్పను వేలితో లాగి చూడడం. లోపల ఎర్రగా ఉండాల్సింది కాగితంలా ఉంది.

"పొద్దున ఏం తిన్నవమ్మా?" అని అడిగింది.

"ఏం తినలే."

"రోజూ అంతేనా?"

శిరీష తలూపింది. తర్వాత డాక్టర్ నన్ను కాస్త అవతలికి వెళ్లమని ఇంకేవో అడిగింది. నెలసరి చాలా ఎక్కువ రోజులు అవుతోందని, ఎవరికీ చెప్పలేదని ఆ పిల్ల చెప్పిందట. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఆరు వచ్చింది. పన్నెండు ఉండాలట.

"మీరు తల్లా?" అంది డాక్టర్.

"కాదమ్మా, టీచర్ని."

"ఏం చెప్తారు?"

"పీఈటీని."

"పీఈటీయా?" అని ఒకసారి నన్ను పూర్తిగా చూసింది. "ఇది నిన్నటిది కాదు మేడం. కొన్ని నెలలుగా పడిపోతూ వస్తోంది. ఆడేటప్పుడు ముందు మీకే తెలియాలి కదా."

తెలిసింది. ఎనిమిది అంకెలుగా నోటీసు బోర్డు పక్కనే వేలాడుతోంది. నేను చదవలేదంతే. ఈ ఉద్యోగంలో నేను చాలా మంది మీద విసుక్కున్నాను. ఆ బెంచీ మీద కూర్చుని ఉండగా నా మీద నాకు పుట్టిన విసుగు ముందు అవేవీ లెక్కలోకి రావు.

అందులో నాకు బాగా మంట పుట్టించిన సంగతి ఇంకొకటి ఉంది. బడిలో వారానికొకసారి ఆడపిల్లలకు ఐరన్ గోళీలు ఇస్తాం. ఇచ్చేది నేనే. ప్రేయర్ అవగానే వరసలో నిలబెట్టి, గోళీ చేతిలో పెట్టి, పేరు ఎదురుగా టిక్కు పెట్టేదాన్ని. శిరీష పేరు ఎదురుగా అన్నీ టిక్కులే. ఖాళీ కడుపుతో ఆ గోళీ మింగితే వాంతి వస్తుంది. అందుకని ఆమె నాలుక కింద పెట్టుకుని, నల్లా దగ్గరికి పోయి ఉమ్మేసేది. ఆమె ఒక్కతే కాదని తర్వాత తెలిసింది.

డాక్టర్ నిజామాబాద్ పెద్దాసుపత్రికి రాసింది. అక్కడ రక్తం ఎక్కించారు. తల్లీకూతుళ్లు నాలుగు రోజులు అక్కడే ఉన్నారు.

గంగామణి

వాళ్లు ఇంటికి వచ్చిన రోజు వెళ్లాను. గంగామణి గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని నేనే పక్కన కూర్చున్నాను. ఆమె చేతులు ఆగలేదు. ఆకు, తంబాకు, దారం, మళ్లీ ఆకు. శిరీష లోపల పడుకుని ఉంది.

"పొద్దుగాల్ల లేస్తే ఆకు కత్తిరిస్తది మేడం," అంది గంగామణి. "బువ్వ తిను బిడ్డా అంట. ఆకలైత లేదంటది. ఎన్నడన్న దగ్గర కూసొని తినిపిస్తినా? బీడీలు ఎవరు జేస్తరు?"

నేను చార్టు సంగతి చెప్పాను. అరిచిన సంగతి, చాతకావడం లేదన్నా ఎక్కించిన సంగతి, ఏదీ దాచలేదు. వింటూ ఆమె ఒక్కసారి చేతులు ఆపింది.

"ఎనిమిది వారాలా?"

"అవును."

"నేనంటే సదువుకోలే మేడం." మళ్లీ ఆకు తీసుకుంది.

తిట్టి ఉంటే బాగుండేది. నేను అరగంట కూర్చున్నాను. లేచేటప్పుడు ఆమె, "చాయ తాగి పోండ్రి," అంది. తాగాను.

తాళం

నేను బడికి వచ్చేసరికి చార్టు లేదు. టీవీ గదికి తాళం పడింది. పిల్ల మిషిన్ ముందు డాన్సులాడి పడిపోయిందని ఊరంతా తిరిగింది. రాజేశ్వర్ సారు నన్ను కూర్చోబెట్టి ఒక తెల్ల కాగితం ముందు పెట్టారు.

"పిల్లకు బీమారి ఉన్నది, తల్లి బడికి జెప్పలే, అని రాయున్రి మేడం. ఇద్దరికీ మంచిది."

"తల్లికే తెల్వదు సార్. నా దగ్గర ఎనిమిది వారాల లెక్క ఉండె. మీరు తీసేసిన్రు."

"మీ మంచికే తీసిన."

ఈ మాట మీకూ వినిపిస్తుంది, సిద్ధంగా ఉండండి. కాగితం అక్కడే వదిలి లేచి వచ్చాను.

రెండు రోజుల తర్వాత బడి కమిటీ కూర్చుంది. ఛైర్మన్ సాయిరెడ్డి ఊళ్లో పెద్ద రైతు. గొంతు కూడా పెద్దదే.

"ఆడపిల్లల్ని తందనాలాడిపిస్తే గిట్లనే అయితది. గా మిషిన్ తీసి అవతల పారెయ్యున్రి," అన్నాడు.

రాజేశ్వర్ సారు తల ఊపుతున్నారు. నేను లేచాను. నా డైరీలో ఆ మార్కులు మరోసారి రాసుకుని ఉన్నాయి. శిరీష ఎనిమిది అంకెలూ వరసగా చదివాను. "పిల్లకు బాగలేదని గీ మిషిన్ ఆరు వారాలు చూపించింది. నేను చూడలే. చాతనైతలేదని పిల్ల నోటితోని చెప్పింది. నేను ఇనలే. తప్పు నాది. తాళం నాకు వెయ్యున్రి, గదికి కాదు," అన్నాను.

నిజం ఒప్పుకుంటే దారి తెరుచుకుంటుందని మనం అనుకుంటాం. సాయిరెడ్డి గొంతు సవరించుకుని, "గట్లయితే మేడంకు మెమో ఇయ్యున్రి. తాళం గూడ ఉండనియ్యున్రి," అన్నాడు. రెండూ జరిగాయి. మెమో తీసుకున్నాను, అది నాకు రావలసిందే. తాళం మాత్రం నాకు మింగుడు పడలేదు. నా తప్పుకు నలభై ఎనిమిది మంది మళ్లీ మోరీ గట్టు ముందుకు వచ్చి నిలబడ్డారు. నస్రీన్ మళ్లీ నేల చూడడం మొదలుపెట్టింది.

ఒక వారం అలా గడిచింది. తర్వాత ఒక రోజు ఆటల పీరియడ్‌కు గ్రౌండ్‌లో ఆడపిల్లలు ఒక్కరూ లేరు. వెతుక్కుంటూ వెళ్తే సైన్స్ గది వైపు నుంచి చప్పుడు వినిపించింది. విరిగిన కిటికీ రెక్క తీసి, ఒకరి తర్వాత ఒకరు లోపలికి దిగారు. టీవీ నల్లగా ఉంది, కరెంటు కూడా లేదు. నస్రీన్ ముందు నిలబడి చప్పట్లు కొడుతూ, "ఎడమ! కుడి! ముంగటికి! ఎనకకు!" అని అరుస్తోంది. మిగతావాళ్లు తమ గడుల్లో ఎగురుతున్నారు. పాట లేకపోయేసరికి నోటితోనే దరువు వేస్తున్నారు. ఆ గోలకు పక్క గదిలో పాఠం ఆగిపోయింది. రాజేశ్వర్ సారు పరుగున వచ్చారు.

"ఏంది మేడం గిది?"

"మిషిన్ లేదు సార్. తాళం మీ దగ్గరనే ఉన్నది."

ఆయన కిటికీలోంచి చాలాసేపు చూశారు. "కిటికీలకెల్లి దిగితే కాళ్లు ఇరుగుతయి," అని గొణుక్కుంటూ వెళ్లి, తాళం చెవి పంపించారు. సాయిరెడ్డికి ఏం చెప్పారో నాకు తెలియదు. ఆయన మీద నాకున్న కోపంలో కొంత ఆ రోజు తగ్గింది. కొంత ఇప్పటికీ ఉంది.

తర్వాత ఏం చేశానంటే

గోళీలు ప్రేయర్ దగ్గర ఇవ్వడం మానేశాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక, నా ముందే మింగించేదాన్ని. నెలకోసారి అందరి కనురెప్పలూ లాగి చూడడం నేర్చుకున్నాను. ఆ డాక్టరమ్మే నేర్పింది. పొద్దున ఎవరు తినలేదో అడగడానికి సిగ్గుపడకండి. తిన్నామని అబద్ధం చెప్తారు, రెండోసారి అడగండి. పల్లిపట్టీలు నా బ్యాగులో ఎప్పుడూ ఉండేవి. ఒక పిల్ల బాగా ఆడి, తర్వాత తగ్గుతూ వస్తే, అరిచే ముందు పక్కకు తీసుకెళ్లి మాట్లాడండి. చాతకావడం లేదంటే కూర్చోబెట్టండి. పదిమందిలో తొమ్మిది మంది సాకు చెప్తుండవచ్చు. ఆ తొమ్మిది మంది కూర్చున్నందుకు ప్రాణం పోదు. మీ హెడ్మాస్టర్ జక్రాన్‌పల్లి హెడ్మాస్టర్‌లా అరిస్తే, అరవనివ్వండి.

చార్టు మళ్లీ పెట్టలేదు. అంతటితో ఆగక, టీవీ మూలన మార్కులు కనిపించే చోట అట్టముక్క కోసి, టేపుతో అంటించాను. ఎవరికెన్ని వచ్చాయో ఎవరికీ కనిపించదు. ఇది గొప్ప పరిష్కారమని అనుకున్నాను. నస్రీన్, ఇంకో నలుగురు పిల్లలు మొహాలు ముడుచుకున్నారు. పట్టించుకోలేదు.

శిరీష రెండు నెలలు ఆడలేదు. గోడ వారగా కుర్చీ వేసి కూర్చోబెట్టేదాన్ని. మూడో నెల గంగామణి డాక్టర్ రాసిన కాగితం పట్టుకుని తనే బడికి వచ్చింది. రక్తం పదకొండుకు వచ్చిందట. "మెల్లగ ఆడనియ్యున్రి మేడం. ఇంట్ల ఒక్క తీర్గ సతాయిస్తుంది," అంది.

ఆ వారం శిరీష మ్యాట్ ఎక్కింది. నేను తేలిక పాట పెట్టాను. పక్కనే నిలబడి ఆమె పెదవులనే చూస్తున్నాను, కాళ్ల వైపు చూడనే లేదు. నడుమ రెండుసార్లు, "చాలా బిడ్డా? ఆపాల్నా?" అని అడిగాను. అడుగులు వేస్తూనే ఉంది. పాట అయిపోయింది. ఊపిరి బరువుగా తీస్తోంది కానీ, మొహం ఎర్రగా ఉంది.

"ఎంతొచ్చింది మేడం?"

"ఎంతొస్తే ఏందే? మంచిగ ఆడినవ్."

"గట్ల కాదు. ఎంతొచ్చింది?"

"తెల్వదు. అట్ట పెట్టిన గద."

ఆమె నన్ను చూసిన చూపు నాకు బాగా తెలుసు. ఎందుకూ పనికిరాని సాకు చెప్పిన పిల్లల్ని నేను అలాగే చూసేదాన్ని. మ్యాట్ దిగి, టీవీ దగ్గరికి నడిచి, మునివేళ్ల మీద లేచి అట్టను పీకేసింది. టేపు చర్రుమంది. మార్కులు చాలా తక్కువ. ఈ పిల్లను మళ్లీ చిన్నబుచ్చానే అనుకున్నాను.

శిరీష ఆ అంకెను పైకి చదివింది. ఒకసారి నవ్వింది. అట్టముక్క నా చేతిలో పెట్టి, మ్యాట్ మీదికి వెళ్లి నిలబడింది.

"పాట మల్ల పెట్టున్రి," అంది.

కాసేపు కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, కనురెప్ప లాగి చూశాను. తర్వాత పెట్టాను.